రెండు బండ్లు ఒక్కసారి

రిటైరై రెండేళ్లు కావస్తున్నా, పొద్దున ఏడు కొట్టేసరికి ప్రభుదాసు కాళ్లు వాటంతటవే గుమ్మం వైపు నడిచేవి. ఆ రోజూ అంతే. గుండీలన్నీ పెట్టుకుని, ఎక్కడికి పోవాలో తోచక చిలకలగూడ ఇంటి వాకిట్లో నిలబడి ఉండగా ఫోన్ మోగింది.

"నమస్తే సార్. నా పేరు సృజన. మౌలాలి రైల్వే ట్రైనింగ్ స్కూల్‌ల కొత్తగ వచ్చిన ఇన్‌స్ట్రక్టర్‌ను. మీకొక మాట చెప్పాలె సార్. తప్పు చేసిన."

"ఏమైందమ్మా?"

"మీ ఫైల్ ఒకటుంటది గదా సార్, 'రెండు బండ్లు' అని. ఒకటే బొమ్మ నూట పద్దెనిమిది స్లైడ్ల మీదుంటే, ఎవరో పొరపాటున కాపీలు కొట్టిండ్రు అనుకున్న. ఒక్కటి ఉంచి తక్కినయన్ని తీసేసిన. నిన్న క్లాస్‌ల పాత గ్యాంగ్‌మన్లు అడిగిండ్రు, బండ్లు నడిచే బొమ్మ ఏదీ అని. అప్పుడు అర్థమైంది. పాత కంప్యూటర్లు స్క్రాప్‌కు పోయినయి సార్, ఎక్కడా ఇంకో కాపీ లేదు."

ప్రభుదాసు వాకిట్లోంచి మళ్లీ గుమ్మం దాకా వచ్చాడు.

"ల్యాప్‌టాప్ తీసుకొని ఇంటికి రా బిడ్డా," అన్నాడు. "ఆ ఉన్న ఒక్క స్లైడూ తీసుకరా."

ఫోన్ పెట్టేశాక మళ్లీ లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నూట పద్దెనిమిది. లెక్క ఆయనకూ అంత కచ్చితంగా గుర్తులేదు. బొమ్మ మాత్రం కళ్ల ముందే ఉంది.

ప్రభుదాసు నాయిన గ్యాంగ్‌మన్. పట్టాల మీద సుత్తీ గడ్డపారా పట్టుకుని బతికినవాడు. ప్రభుదాసుకు పదహారేళ్లప్పుడు, ముసురు పట్టిన ఒక పొద్దున, ఆయన తాను పనిచేస్తున్న లైను మీదికి గూడ్సు వస్తుంటే పక్క లైన్లోకి జరిగి నిలబడ్డాడు. గూడ్సు మోతలో, వెనక నుంచి ఆ పక్క లైను మీదే వస్తున్న పాసింజరు చప్పుడు ఆయనకు వినబడలేదు. గూడ్సు వెళ్లిపోయాక తోటివాళ్లు చూస్తే మనిషి లేడు.

పద్దెనిమిది నిండగానే రైల్వేవాళ్లు కొడుక్కు ఖలాసీ ఉద్యోగం ఇచ్చారు. చేతిరాత ముత్యాల్లా ఉందని ట్రైనింగ్ స్కూల్ ప్రిన్సిపాల్ ఒకాయన అతణ్ణి చార్టుల గదిలోకి మార్పించాడు. ఆ గది ప్రభుదాసుకు ఇరవై ఏళ్ల సంసారం. మోండా మార్కెట్‌లో తెల్లబట్ట కొనుక్కొచ్చి, గంజి పెట్టి, చెక్కకు బిగించి, దాని మీద సిగ్నళ్లూ పాయింట్లూ ఇంజన్లూ గీసేవాడు. టర్పెంటైన్ వాసన చొక్కాకే కాదు, అన్నం గిన్నెకూ పట్టేదని భార్య కల్పలత నవ్వేది. ఏ చార్టు ఎంత బాగా కుదిరినా ఒక్కటి మాత్రం అతనికి కొరతగానే ఉండేది. నాయిన పోయిన తీరు చార్టు మీద పెట్టలేకపోయాడు. రెండు లైన్లు గీశాడు, రెండు బండ్లూ గీశాడు, మధ్యలో మనిషినీ నిలబెట్టాడు. గ్యాంగ్‌మన్లు చూసి తలూపేవారు, అంతే. బొమ్మలో బండి కదలదు కదా, భయం ఎక్కడ నుంచి పుడుతుంది?

రెండువేల రెండులో స్కూలుకు కంప్యూటరూ ప్రొజెక్టరూ వచ్చాయి. "ఇగ చార్టులు బంద్ ప్రభుదాస్, అంతా పీపీటీల్నే," అన్నాడు అప్పటి ప్రిన్సిపాల్. అప్పటికి ప్రభుదాసుకు ముప్పైతొమ్మిదేళ్లు, మౌసు ముట్టింది లేదు. ఆఫీసులో టైపిస్టు నజ్మున్నీసా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"పరేషాన్ గాకుండ్రి దాస్ భాయ్. కుంచె పట్టిన చెయ్యి, ఇదెంత?"

అంత సులువేమీ కాలేదు. తెలుగు అక్షరాలు ఆమె కంప్యూటర్‌లో చక్కగా కనిపించి, క్లాస్‌రూమ్ కంప్యూటర్‌లోకి పోగానే పిచ్చి గీతలయ్యేవి. చూసి చూసి విసుగొచ్చి ప్రభుదాసు తెల్ల కాగితం మీద తన చేత్తోనే రాసి, స్కాన్ చేసి, బొమ్మగా అతికించాడు. కంప్యూటర్ నోరు మూసుకుని దాన్ని చూపించింది.

తరువాత బండి నడపడం నేర్చుకున్నాడు. తెర ఈ చివర నుంచి ఆ చివరకు ఇంజను జారుకుంటూ పోయిన రోజు పిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. రెండో బండి పెట్టాడు. మొదటిది వెళ్లి ఆగింది. అది ఆగాక రెండోది బయలుదేరింది. ఎన్ని విధాల మార్చి చూసినా అంతే. ఆ సాఫ్ట్‌వేర్ ఒకదాని తరువాత ఒకటే నడుపుతుంది, రెంటినీ కలిపి నడపదు.

"ఒకటి పోయినంక ఒకటి వస్తే మా నాయిన బతికే ఉంటుండె ఆపా," అన్నాడు.

నజ్మున్నీసా కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది. ఇన్నేళ్లుగా పక్క గదిలో పనిచేస్తున్నా ఆ సంగతి ఆమెకు తెలియదు. "అయితే మిషిన్‌ను అడుగుడు బంద్ చేయండ్రి," అంది. "మీరే నడపండ్రి."

ఆ మాట పట్టుకున్నాడు ప్రభుదాసు. ఒక స్లైడు చేసి దాన్నే కాపీ చేశాడు. కాపీలో గూడ్సును కాస్త ఇటు, పాసింజరును కాస్త అటు జరిపాడు. మళ్లీ కాపీ, మళ్లీ జరపడం. బాణం మీట నొక్కితే బొమ్మ గంతు వేసినట్టు పోయేది. ఒకసారి వేలు జారి కంట్రోల్ మీట కూడా నొక్కుడు పడితే వెంట్రుకవాసి జరిగింది. ఆ పొరపాటు అతనికి వరమైంది. మూడు వారాలు కూర్చుంటే ఫైలు తయారైంది. పేజ్ డౌన్ మీట నొక్కి పట్టుకుంటే చాలు, అటు నుంచి గూడ్సు, ఇటు నుంచి పాసింజరు, మధ్యలో తట్ట పట్టుకున్న మనిషి. రెండు బండ్లూ ఒక్కసారే వచ్చాయి.

మొదటి క్లాసులో వెనక బెంచీ నుంచి తుకారాం అనే పెద్ద గ్యాంగ్‌మన్ లేచి నిలబడి, "ఆపు! ఆపు సారూ!" అని అరిచాడు. ప్రభుదాసు మీట వదిలాడు. బండ్లు ఆగాయి. ఇరవై ఏళ్లు చార్టుతో రానిది ఆ ఒక్క అరుపుతో వచ్చింది. ఆ రోజు మౌలాలి నుంచి ఇంటికి నడిచే వచ్చాడు, బస్సు ఎక్కాలన్న ధ్యాసే లేక.

ఫోన్ చేసిన ఆ పొద్దున్నే, పదకొండింటికి సృజన వచ్చింది. పాతికేళ్లుంటాయి. కూర్చోకముందే మళ్లీ సారీ చెప్పింది. కల్పలత ఆమెకు మజ్జిగ ఇచ్చి, "తాగు బిడ్డా, ఈయన కోపం చెయ్యడు," అంది.

"సార్, ఇప్పుడు అల్కగ అయితది," అని సృజన ల్యాప్‌టాప్ తెరిచింది. "రెండిటినీ ఒకేసారి షురూ చేసే ఆప్షనుంది. చూడండ్రి."

నాలుగు నిమిషాలు పట్టలేదు. నీళ్ల మీద పడవల్లా రెండు బండ్లూ నున్నగా ఎదురెదురుగా జారిపోయాయి. ప్రభుదాసు కళ్లజోడు సర్దుకుని మళ్లీ నడపమన్నాడు. మూడోసారీ చూశాడు. మూడు వారాల పని, నజ్మున్నీసా ఆపా చాయ్, వేళ్లు నొప్పెట్టి వేడినీళ్లలో ముంచుకోవడం, అన్నీ ఆ నాలుగు నిమిషాల్లో కరిగిపోయినట్టనిపించింది. సంతోషమో దిగులో తనకే తెలియలేదు.

"చాల మంచిగున్నదమ్మా. ఇగ ఇక్కడ ఆపు."

"ఎక్కడ సార్?"

"గూడ్సు మనిషి దగ్గరికొచ్చింది గదా. గిట్ల వచ్చినప్పుడు ఆపాలె. ఆపి అడుగుత, ఇప్పుడు నువ్వెక్కడ నిలవడ్తవ్ అని."

సృజన ఏవేవో మీటలు నొక్కింది. బండ్లు ఆగలేదు. ఒకసారి బయలుదేరితే చివరిదాకా పోవడమే. మళ్లీ ప్రయత్నించింది, బొమ్మ మొదటికి పోయింది. ఆమె ల్యాప్‌టాప్ నుంచి ఆయన వైపు తిరిగింది.

"అందుకేనా సార్ నూట పద్దెనిమిది?"

"అప్పుడు అందుకు చెయ్యలేదు బిడ్డా. వేరే దారి లేక చేసిన. ఆగుతదని తర్వాత తెలిసింది."

మధ్యాహ్నం అన్నాలు కాగానే ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చున్నారు. మిగిలిన ఆ ఒక్క స్లైడు మీద ఆయన చేతిరాత అలాగే ఉంది. సృజన కాపీ చేస్తే ఆయన జరిపాడు. కాసేపు ఆయన చెప్తే ఆమె జరిపింది. "గూడ్సు మెల్లగ, పాసింజర్ జోరుగ. రెండు ఒక్క తీరుగ జరపకు," అంటూ ఆయన పక్కనే వేలితో గాలిలో గీసేవాడు. దీపాలు పెట్టే వేళకు నూట నాలుగు స్లైడ్లయ్యాయి. ఈసారి అంతే చాలనిపించింది.

తరువాతి మంగళవారం సృజన పిలిస్తే ప్రభుదాసు మౌలాలి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు. ట్రాక్ పనికి ఇప్పుడు ఆడవాళ్లూ వస్తున్నారు, క్లాసులో ఆరుగురున్నారు. సృజన మీట నొక్కి పట్టింది, బండ్లు వచ్చాయి, వదిలింది.

"ఇప్పుడు ఎక్కడ నిలవడ్తరు?"

"పక్క లైన్ల," అన్నాడొకడు. నలుగురు వాడి మీదికి లేచారు.

"ఏ లైన్‌ల నిలవడొద్దు మేడం," అంది సుమిత్ర అనే ఆమె. "పని ఇడిసి, రెండు లైన్లు దాటి కట్ట దిగాలె." ఆగి, మళ్లీ తనే అడిగింది. "గని మేడం, బ్రిడ్జి మీదుంటే? దిగెటందుకు కట్ట ఏడుంటది?"

సృజన వెనక్కి తిరిగి ప్రభుదాసు వైపు చూసింది. క్లాసంతా తిరిగింది. ఆయన బెంచీ పట్టుకుని లేచాడు.

"దానికి బొమ్మ లేదమ్మా," అన్నాడు. "నీ సెక్షన్‌ల ఏ బ్రిడ్జి? పట్టాల పక్కకు నిలవడే జాగలు ఎంతెంత దూరానికి ఉన్నయో జెర చెప్పు, కొత్త బొమ్మకు రాసుకుంట."

జేబులో పెన్ను ఉంది, కాగితం లేదు. ముందు బెంచీ నుంచి ఎవరో నోటుబుక్కు అందించారు.