కొమురవ్వ తీసిన చందమామలు

కొమురవ్వకు ఆకాశం చూసే అలవాటు సూరత్‌లోనే అయింది. అమ్రోలిలో వాళ్లుండే బిల్డింగు మీద ఎండాకాలం అందరూ పక్కలు పరుచుకునేవాళ్లు. పడుకుని పైకి చూస్తే ఊరి లైట్ల మధ్య కొన్ని చుక్కలే మిగిలేవి. కొన్నే కాబట్టి వాటితో పరిచయం తొందరగా కుదిరింది. ఏది నీళ్ల ట్యాంకు వెనక నుంచి వస్తుందో, ఏది మిణుకుమంటుందో, ఏది కదలని దీపంలా ఉంటుందో ఆమెకు తెలిసిపోయింది. పగలంతా ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించేది. పొద్దు గూకగానే పైకెక్కేది.

పక్కింటి నిర్మలాబెన్ ఇల్లు మారుతూ, కొడుకు వాడక వదిలేసిన చిన్న టెలిస్కోపును ఆమె చేతిలో పెట్టింది. కొమురవ్వ దాన్ని దుర్బీను అనేది. మొదటిసారి అందులోంచి చందమామను చూసి, కన్ను తీసి మామూలుగా చూసి, మళ్లీ కన్ను పెట్టింది. రెండూ ఒకటేనని నమ్మడానికి కొంచెంసేపు పట్టింది.

భర్త సోమలింగం పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేస్తాడు. రాత్రి షిఫ్టు ఉంటే చుక్కలు పొడిచే వేళకు వెళ్లి, పొద్దున వచ్చి పడుకుంటాడు. పగటి షిఫ్టున్న రోజు మెట్లెక్కే ఓపిక ఉండదు.

"చందమామ మీద గుంతలున్నయి," అని ఒకరోజు అన్నం పెడుతూ చెప్పింది.

"గుంతలా? ఎట్లుంటయే?"

"అమ్మవారు పోసిన మొహం తీర్గ."

అతను నవ్వి, "రేపు చూస్త తియ్," అన్నాడు. ఆ రేపు రాలేదు. ఆయన పైకి రాకపోతే చందమామనే కిందికి తేవాలనుకుంది కొమురవ్వ. ఫోన్‌ను దుర్బీను కంటికి ఆనించి ఫొటో తీసింది. తెల్లటి మరక పడింది. ఇంకోటి తీసింది. పాలు ఒలికినట్టు వచ్చింది. వారాల తరబడి తీసింది, చెరిపేసింది.

సందు చివర ఫొటో స్టూడియో ఓంకార్‌ది. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు, సిరిసిల్ల మనిషి. ఆయన దగ్గరికి పోయి ఫోన్ చూపించింది.

"ఇదేంది అక్కా, బల్బా?"

"చందమామ."

ఓంకార్ నవ్వలేదు. ఫోన్ తీసుకుని దగ్గరగా చూశాడు. "వెలుగు ఎక్కువ పడ్డది. తెర మీద చందమామను ఏలితోని ముట్టు. పక్కకు సూర్యుని బొమ్మ వస్తది, దాన్ని కిందికి జరుపు. ఇంకోటి, ఫోన్ చేత్తోని పట్టుకోకు. మన ఊపిరికి గూడ అది కదుల్తది."

మరి ఫోన్‌ను దేనితో నిలబెట్టాలి? ఆ మాట సోమలింగంతో అంది. మర్నాడు పొద్దున అతను కార్ఖానా నుంచి, నూలు చుట్టి వచ్చే అట్టగొట్టం ఒకటి పట్టుకొచ్చాడు. "గిది సరిపోతదా చూడు." కొంచెం కోస్తే దుర్బీను కంటికి సరిగ్గా పట్టింది. చీరల రాళ్లకు వాడే గమ్ముతో పాత ఫోన్ కవరును దానికి అతికించింది. ఇయర్‌ఫోన్ తగిలించి, దాని బటన్ నొక్కితే ఫోన్‌ను ముట్టుకోకుండానే ఫొటో పడుతుందని కూడా ఓంకారే చెప్పాడు.

ఆ సాయంత్రం సగం చందమామ ఉంది. కొమురవ్వ వెలుగు తగ్గించింది. తెల్లటి మరకలోంచి మెల్లగా గుంతలు తేలాయి, అంచుల మీద ఎండ, లోపల నీడ. ఊపిరి బిగబట్టి బటన్ నొక్కింది. ఫొటోను సోమలింగానికి పంపింది.

మగ్గాల చప్పుడులో ఫోన్ మోగినా వినపడదు. చాయ్ తాగేటప్పుడు చూశాడు. పక్క మగ్గం నర్సింగానికి చూపించాడు.

"ఏడ దొరికిందే గీ ఫొటో?"

"మా ఆమె తీసింది, మా బిల్డింగు మీదికెల్లి."

పొద్దున ఇంటికొచ్చి పడుకోకుండా, రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసుకుంటూ కూర్చున్నాడు. "గీ పెద్ద గుంత పేరేంది?"

"అసలు పేరు నాకెరుక లేదు. నేనైతే కుంపటి అంట."

"కుంపటి," అని అతనూ అన్నాడు. కొంచెంసేపటికి, "సెలవు నాడు డుమస్ పోదామా? సముద్రం మీద చూపుకు అడ్డముండదు," అన్నాడు.

అమావాస్య దాటాక వచ్చిన సెలవు నాడు, దుప్పట్లో చుట్టిన దుర్బీనును పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లారు. టమాటా భజియాలు తిన్నారు. పొద్దు సముద్రంలోకి దిగింది. ఎర్రదనం సన్నగిల్లాక, నీళ్ల మీద గోరంత నెలవంక తేలింది. సోమలింగం మొదటిసారి దుర్బీనులో కన్ను పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"నల్ల దిక్కు గూడ జర కనవడుతున్నదేంది?"

"దాన్నే ఫొటో తియ్యాలె." ఈసారి వెలుగు తగ్గించలేదు, కొంచెం కొంచెంగా పెంచింది. నెలవంక ధగధగలాడింది. దాని ఒడిలో, మసక నీలం రంగులో నిండు చందమామ కనిపించింది, నిద్రపోతున్న మొహంలా.

"గా మసక వెలుగు ఎక్కడిది?"

"మనది. ఎండ మన భూమి మీద పడి, ఈడికెల్లి ఆడికి పోతది. ఇప్పుడు ఆడ నిలబడి చూస్తే మనమే పెద్ద చందమామ లెక్క ఉంటం."

సోమలింగం తడి ఇసుక వైపు, అల వైపు, బండ్ల దగ్గరి లైట్ల వైపు చూశాడు. "గియ్యన్ని గూడనా?"

"అన్నీ."

నెలవంక నీళ్లకు దగ్గరయ్యేకొద్దీ పసుపుగా, తర్వాత నారింజగా మారింది. కొమురవ్వ ఇయర్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది. మునిగేదాకా ఇద్దరూ ఉత్త కళ్లతోనే చూశారు.

తిరుగు బస్సులో సోమలింగం ఆ ఫొటో చూస్తూ చూస్తూ ఆమె భుజం మీదికి ఒరిగి నిద్రపోయాడు. ఫోన్ తెర దానంతటదే ఆరిపోయింది. కొమురవ్వ దాన్ని అతని చేతిలోనే ఉండనిచ్చింది.