కొత్తేముందమ్మ

ఆఫీసులో అందరూ ఆమెను చాటుగా కొత్తేముందమ్మ అంటారు. పేటెంటు కోసం వచ్చిన ప్రతి దరఖాస్తునూ ముక్కుకి ఆనేంత దగ్గరగా పట్టుకుని చదువుతుంది. కొప్పులోంచి పెన్సిలు లాగి, వాళ్ళు పంపిన బొమ్మలు చూడకుండా, రాసిన మాటలను బట్టే ఆ వస్తువును గీస్తుంది. గీత ఎక్కడ ఆగిపోతే అక్కడ అభ్యంతరం రాస్తుంది. ఇంట్లోనూ అంతే. భర్త కొత్త చొక్కా తొడుక్కుని ఎదురుగా నిలబడితే కాలరు తిప్పి చూసి, “ఇందులో కొత్తేముందండీ?” అంటుంది.

ఆ మధ్యాహ్నం పెద్దసారు భోజనం చేస్తూనే ఆమెను గదిలోకి పిలిచారు. అన్నం డబ్బా మూతకు పెట్టే ఒక కొక్కేన్ని తామే కనిపెట్టామంటూ ఓ పెద్ద కంపెనీ పేటెంటు అడుగుతోంది.

“ఇలాంటిది లోకంలో ఎక్కడా లేదమ్మా. పైవాళ్ళు తొందరపెడుతున్నారు, ఒప్పుకున్నట్టు రాసెయ్.”

“రాయను సార్.”

“మళ్ళీ బదిలీ అయితే నన్ననకు.”

“ఎక్కడికి వేసినా ఇదే రాస్తాను.” ఆమె పెన్సిలుతో ఆయన ముందున్న సొట్టల డబ్బా మీద టకటకా కొట్టింది. “ఆ కొక్కెం ఇదే. నేనీ ఆఫీసుకొచ్చిన నాటి నుంచీ మీరు రోజూ నా కళ్ళముందే తీస్తున్నారు.”

ఆయన వంగి మూతకున్న కొక్కేన్ని తిప్పి చూసుకున్నారు. ఆమె డబ్బాను నాలుగు వైపులా ఫొటో తీసి, అభ్యంతరానికి జతచేసి పంపేసింది.

వారం తిరక్కుండా బదిలీ కాగితం వచ్చింది. ముక్కుకి ఆనించుకుని ఆసాంతం చదివింది.

“ఇందులో కొత్తేముంది?” అని దాన్ని సంచిలో పడేసి, తర్వాతి దరఖాస్తు అందుకుంది.