కెరటం గెలిచినప్పుడు మేము ఓడలో ఉన్నాం

దయ్యాలను నేను వందల్లో నరికాను. కంప్యూటర్ ఆటలో లెండి. అందుకేనేమో, బయట ఎవరైనా దయ్యం అంటే నవ్వొచ్చేది. పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్‌లో మాకు హార్డ్‌వేర్ షాపు ఉంది. పొద్దస్తమానం మేకులు, పైపుల మధ్య కూర్చునేవాడికి చేతికందని వాటి మీద నమ్మకం ఎలా వస్తుంది? దయ్యాలున్నాయని ఇప్పుడూ అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

ఆ ఆటలో బొమ్మలుండవు. అన్నీ అక్షరాలే. 'కోట గుమ్మం ముందు నిలబడ్డావు, కాపలావాడు కత్తి దూశాడు' అని ఇంగ్లీషులో ఒక వాక్యం వస్తుంది. తన్నాలంటే తన్నమని, తప్పుకోవాలంటే తప్పుకోమని టైప్ చెయ్యాలి. ఈ రోజుల్లో ఇదేం ఆట అనుకోకండి. సముద్రం అడుగున కేబుల్ రాకముందు మా అండమాన్‌లో ఒక్క ఫోటో తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. బొమ్మల ఆటలు మాకు అందేవి కావు. అక్షరాలైతే ఎలాగో వచ్చేవి.

అలా మా ఉమక్క కాలేజీ రోజుల్లో ఈ ఆట మొదలుపెట్టింది. తన యోధురాలికి కెరటం అని పేరు పెట్టుకుంది. ఇప్పుడు అక్క లెక్కల టీచరు, కాపురం మా ఊళ్ళోనే, ఆస్టినాబాద్‌లో. తీరిక తగ్గాక కెరటాన్ని నా చేతిలో పెట్టింది. ఏళ్ల తరబడి పెంచిన పేరు కదా, పాపని అప్పగించినంత జాగ్రత్తలు చెప్పింది.

రాక్షసులతో పోరు నాకు వచ్చు. అవి ఎప్పుడూ ఒకేలా కొడతాయి. మనిషితో మనిషి తలపడటం వేరే సంగతి! మొదటిసారి బరిలో దిగినప్పుడు ఏమవుతోందో తెలిసేలోపు నేల మీద పడి ఉన్నాను. రెండోసారీ అంతే. పౌరుషం పొడుచుకొచ్చి, ఆదివారాలు అక్క ఇంటికి వెళ్ళి నేర్చుకోవడం మొదలుపెట్టాను.

"ఒరేయ్, వాడి దెబ్బ తెర మీద కనపడేదాకా సూస్తావేటి? కనపడిందంటే తగిలిపోయినట్టే. పెహలే కొట్టాల!" అనేది.

అది మా దీవుల వాళ్ల పద్ధతి. నెట్ ఆలస్యంగా వచ్చే రోజుల్లో అవతలివాడి దెబ్బ తెలిసేసరికి ఆట ముగిసిపోయేది. అందుకని వాడేం చేస్తాడో ఊహించి, నాలుగైదు ఆదేశాలు ముందే వరసగా కొట్టి పంపేసేవాళ్లు. గుడ్డిగా ఆడటమే. కేబుల్ వచ్చినా అక్కకి ఆ అలవాటు పోలేదు, నాకూ అంటించింది. ఒకరోజు నేను ముందే పంపిన తన్ను, అవతలివాడు పక్కకి జరిగిన చోటికే వెళ్ళి తగిలింది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. అక్క నాకంటే గట్టిగా అరిచింది.

అప్పుడొచ్చింది ఆ పోటీ. ఓడినవాళ్ల పేరు ఆటలోంచి శాశ్వతంగా చెరిపేస్తారు. రానివాళ్లు ఓడినట్టే. కెరటానికి ఎదురు పడినవాడు ఫౌలాద్, పుణె కుర్రాడట, అప్పటిదాకా ఓటమి ఎరగడు. నేను తటపటాయిస్తుంటే అక్కే తేల్చేసింది. "భయపడి దాక్కోడానికేనా ఈ పేరు పెట్టింది? ఒప్పేసుకో."

పోటీ ఆదివారం మధ్యాహ్నం. ముందు రోజు ఇంకో దీవిలో, హట్ బేలో, మా మేనమామ కూతురి పెళ్ళి. తెల్లవారి ఓడ ఎక్కితే పోటీ వేళకి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటాం. కానీ గాలి ఎక్కువైందని ఓడని ఆపేశారు, బాగా ఆలస్యంగా కదిలింది. పోటీ వేళకి మేము నడి సముద్రంలో ఉన్నాం. చుట్టూ నీళ్లే, ఫోనులో సిగ్నల్ గుర్తు కూడా లేదు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. అక్క వాచీ చూసుకుని, "టైమయింది. వాడు బరిలో నిలబడుంటాడు," అంది. తర్వాత కొంగు నడుముకి దోపుకుని నా వైపు తిరిగింది. "ఊరికే పోనిస్తామేటి? నేను ఫౌలాద్‌ని. నువ్వు ఆడు."

ఫోనులో ఖాళీ పేజీ తెరిచి ఆదేశాలు టైప్ చెయ్యడం మొదలుపెట్టాను. ఫౌలాద్ ఆట అక్క చాలాసార్లు చూసింది. "కాళ్లకి అడ్డం పడ్డాడు!" అంటే నేను ఎగిరాను. "డాలు ఎత్తాడు!" అంటే ఎడమవైపు పొడిచాను. ఇద్దరికీ పూనకం వచ్చినట్టయింది. పక్కన వాంతులకి కవరు పట్టుకున్న పెద్దాయన కూడా మమ్మల్నే చూస్తున్నాడు. వాడు తూలిపోయాడని చెప్పి అక్క, "ఇప్పుడు డాన్స్ కొట్టరా వాడి ముందు!" అంది. నిజం పోటీలో ఎవడూ ఆ పని చెయ్యడు, ఆ క్షణంలో ప్రాణం పోతుంది. పోయేదేముందని డాన్స్ కొట్టాను. తర్వాత మెడ మీద ఒక్కటే వేటు.

"పడ్డాడు," అంది అక్క. ఇద్దరం ఆయాసపడుతున్నాం. ఆవిడ కళ్లు తుడుచుకోవడం చూసి నేను సముద్రం వైపు తిరిగాను.

మా ఊరి ఫీనిక్స్ బే జెట్టీ దగ్గరపడ్డాక సిగ్నల్ వచ్చింది. వెంటనే ఫోను మోగింది. మాతో ఆడే బెంగాలీ స్నేహితుడు బాపి.

"క్యా మారా భయ్యా, భలే కొట్టావు! దీదీకి కూడా చెప్పు. కానీ మధ్యలో ఆ డాన్స్ ఏంటి? చూస్తున్న మా అందరి గుండె ఆగిపోయింది!"

నేను స్పీకర్ పెట్టాను. నేనేమీ చెప్పకుండానే పోరాటమంతా చెప్పాడు. కాళ్లకి అడ్డం పడటం, ఎగరడం, డాలు, ఎడమ పోటు, మెడ మీద వేటు. అదే వరస. ముగిసి చాలాసేపయిందన్నాడు. అంటే అప్పటికి మేమింకా నడి సముద్రంలోనే ఉన్నాం.

పాస్‌వర్డ్ మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. ఎవరో దొంగిలించారనే అనుకుందాం. మేము ఓడ మీద ఆడిన ఆట వాళ్లకెలా తెలుసు? నా ఫోనే పంపిందా అంటే, నేను టైప్ చేసింది ఆటలో కాదు, ఉత్త కాగితం లాంటి పేజీలో. పోనీ అదీ సరే. ఫౌలాద్ దెబ్బలన్నీ అక్క నోటి వెంట వచ్చినట్టే ఎలా వచ్చాయి?

జెట్టీ మీదే నిలబడి ఆట తెరిచాను. కెరటం పేరు, పాస్‌వర్డ్ కొట్టాను. ఒక ప్రశ్న వచ్చింది. ఈ పేరుతో ఒకరు ఇప్పటికే లోపల ఉన్నారు, వాళ్లని పంపేసి మీరు వస్తారా, అని.

నా వేలు అవునన్న బటన్ మీదకి వెళ్ళింది. ఎవరో తేల్చుకోవాలి కదా. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వొద్దురా. గెలిచినోళ్లని బయటికి తోసేస్తామేటి?"

వద్దు అని కొట్టాను. మర్నాడు పొద్దున్న ఏ ప్రశ్నా లేకుండా లోపలికి వెళ్ళగలిగాను. లోపల ఎవరూ లేరు. కెరటం పేరు మాత్రం చెరగలేదు.

ఎవరు ఆడారో ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు. కొత్త పేరుతో మళ్ళీ ఆడుతున్న ఆ ఫౌలాద్ కుర్రాడు ఇప్పుడు స్నేహితుడయ్యాడు, ఆ పోరు గుర్తు చేసి పొగుడుతూ ఉంటాడు. అక్క పేరు నిలిచినందుకు నా సంతోషం ఇంతా అంతా కాదు. కానీ అతనికి థాంక్స్ చెప్పబోయిన ప్రతిసారీ ఆగిపోతాను. ఆ పొగడ్త నేను పుచ్చుకోవలసింది కాదనిపిస్తుంది.