అంతా ఈడే అప్పా

ఆవులప్పకు ఈ భూమ్మీద దూరం అనేది లేదు. ఎవరు ఏ చోటు ఎక్కడని అడిగినా ఆయన జవాబు ఒక్కటే: "ఈడే అప్పా." పాల బూత్ ఈడే. రైల్వే స్టేషన్ ఈడే. హెబ్బగోడి ఈడే. ఒకసారి ఎవరో యాత్రికుడు దారి తప్పి ఆవులప్ప ఊరైన వర్తూరుకొచ్చి, తిరుపతికి ఎటు పోవాలని అడిగితే, నోట్లో వేపపుల్ల తీయకుండానే తూర్పుకు చెయ్యి చూపించి "ఈడే" అన్నాడట. పాపం ఆ మనిషి పంచె ఎగగట్టి నడక మొదలుపెట్టాడని, మధ్యాహ్నానికి గానీ మోసం తెలియలేదని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమో అబద్ధమో గానీ, ఆవులప్పను ఎరిగినవాళ్లెవరూ ఆ కథను కాదనలేదు.

పోనీ తెలియక చెబుతున్నాడా అంటే అదీ కాదు. ముప్పై ఐదేళ్లు సర్వే శాఖలో గొలుసు పట్టి తాలూకా అంతా కొలిచిన మనిషి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని గజాలో నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. లేపి అడిగినవాళ్లూ ఉన్నారు. "ఈడే" అని అటు తిరిగి పడుకున్నాడు.

అలాంటివాడి ఇంటి మేడమీద గదిలో, 2001లో, అభిజిత్ అద్దెకు దిగాడు. సొంతూరు తణుకు. బ్రూక్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వచ్చిన వారానికే జ్వరం తగిలి, దుప్పటి కప్పుకుని కిందికి దిగాడు.

"ఆవులప్పగారూ, ఇక్కడ డాక్టర్ ఎవరైనా ఉన్నారాండీ?"

"ఈడే అప్పా."

ఆవులప్ప మాటలో 'ఈడే' అంటే ఇక్కడే; తణుకు వైపు 'ఈడు' అంటే వీడు. సరిగ్గా ఆ సమయానికి ఆవులప్ప పక్కన పొరుగింటి మారప్ప ఎనుమును కడుగుతున్నాడు. ఎంత డాక్టరైనా ఇంటి దగ్గర ఒక గేదెను పెట్టుకోకూడదని రూలేమీ లేదు కదా అనుకుని, అభిజిత్ వెళ్లి మారప్ప ఎదుట నిలబడి నాలుక బయటపెట్టాడు.

మారప్ప మర్యాదస్తుడు. అంత నమ్మకంగా చూపించిన నాలుకను చూడకుండా పంపడం బాగుండదని, తేరిపార చూశాడు. "ఎనుముకు ఇట్లుంటే పావుశేరు ఆముదం పోస్తామప్పా. నీకెంత పొయ్యల్లో నాకు తెలీదు."

అసలు డాక్టర్ ఉన్నది మూడు కిలోమీటర్ల అవతల. అక్కడికి నడిచి వెళ్లేసరికి ఒళ్లంతా చెమట పట్టి జ్వరం దిగిపోయింది. ఏమిటి బాధ అని డాక్టర్ అడిగితే అభిజిత్‌కు చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఈ సరదాలన్నీ ఒక ఏడాది సాగాయి. ఆ ఏడాదిలో అభిజిత్ చేసిన ముఖ్యమైన పని తినడం. గది కిటికీకి ఎదురుగా, సందు దాటితే బేకరీ. పొద్దున ఎగ్ పఫ్, సాయంత్రం తియ్యటి దిల్‌పసంద్, మధ్యలో ఆఫీసు క్యాంటీన్. తూకం తొంభై ఆరు కిలోలకు చేరింది. అప్పుడే ఆఫీసులో అందరికీ రక్త పరీక్షలు చేశారు.

"ఫాస్టింగ్ షుగర్ నూట నలభై ఉంది," అన్నాడు డాక్టర్. "మూడు నెలలు టైమిస్తాను. తిండి మార్చండి, నడవండి. దిగకపోతే మాత్రలు మొదలు. మొదలైతే మళ్లీ ఆపుతామని అనుకోకండి."

ఇరవై ఏడేళ్లవాడు. ఇంట్లో తండ్రి మాత్రల డబ్బా ముందేసుకుని భోజనానికి కూర్చోవడం చూస్తూ పెరిగినవాడు. నిజంగానే భయపడ్డాడు. భయం మీద కంప్యూటర్‌లో రంగురంగుల చార్టు గీశాడు. మొదటిరోజు బూట్లు కొన్నాడు. రెండోరోజు వాటికి లేసులు ఎక్కించాడు. మూడోరోజు వాన పడింది. నాలుగోరోజు వాన పడేట్టు ఉంది. ఐదోరోజు దిగులుగా మెట్లమీద కూర్చుని ఆవులప్పకు అంతా చెప్పుకున్నాడు.

ఆవులప్ప చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సుమ్నే, ఊరికే నడవమంటే ఎవుడు నడుస్తాడప్పా? పని మీద పోవల్ల. గుంజూరులో మా బావ పెద్దమునియప్ప ఉండాడు. రేపు పొద్దున్నే పోయి, వాళ్లింట్లో గోడ గడియారం నడస్తా ఉండాదేమో చూసిరా."

"ఎంత దూరం అండీ?"

"ఈడే."

పోను నాలుగు కిలోమీటర్లు. దారిలో రెండుసార్లు రాళ్లమీద కూలబడి, ముఖం పాలిపోయి, ఎలాగో చేరాడు. గడియారం శుభ్రంగా నడుస్తోంది. తిరిగొచ్చి ఆ మాటే చెప్పాడు.

"సరే, ఈ దినం నడిచింది," అన్నాడు ఆవులప్ప. "రేపు సంగతి?"

రేపు కూడా వెళ్లాడు. ఎల్లుండి అది గంటలు సరిగ్గా కొడుతోందో లేదో చూసి రమ్మన్నాడు. ఆ తర్వాత ఒక నిమ్మకాయ తెమ్మన్నాడు. తెస్తే, చిన్నదిగా ఉంది, మార్చుకుని రమ్మన్నాడు. ఇంటి పెరట్లో కరివేపాకు చెట్టు కళకళలాడుతుండగా రెండు రెబ్బల కరివేపాకు కోసం పంపాడు. పెద్దమునియప్ప కూడా తక్కువవాడు కాదు. అభిజిత్ వెళ్లినప్పుడల్లా మజ్జిగ చేతికిచ్చి, ఆ గడియారం ఎవరు చేశారు, ఎప్పుడు తెచ్చారు, ఎన్నిసార్లు ఆగింది, అరగంట తక్కువ కాకుండా చెప్పి గానీ వదిలేవాడు కాదు.

అభిజిత్ తెలివితక్కువవాడేమీ కాదు. ఇదంతా తనకోసం ఆడుతున్న నాటకమని రెండో రోజే గ్రహించాడు. అయినా పెద్దాయన అడిగిన పని కాదనలేక వెళ్లేవాడు. చార్టుకు ఎగనామం పెట్టగలిగాడు గానీ నిమ్మకాయకు పెట్టలేకపోయాడు.

ఇంకో విచిత్రం. జబ్బు సంగతి తెలిసిన రోజు నుంచి ఆవులప్ప లోకంలో ఒకే ఒక్క చోటు దూరమైపోయింది.

"బేకరీ దాకా వెళ్లొస్తానండీ."

"శానా దూరమప్పా."

"అదిగో, ఎదురుగా కనిపిస్తోంది కదండీ."

"కనిపిస్తాది. చంద్రుడు కూడా కనిపిస్తాడు. పోతావా?"

ఇంతలో ఆవులప్ప భార్య భాగీరథమ్మ రాగిముద్ద, ఆకుకూర పులుసు కంచంలో పెట్టి లోపలికి పిలిచేది. మొదటిరోజు అభిజిత్ ముద్దను నమలబోయాడు. పై పళ్లు, కింది పళ్లు అతుక్కుపోయి పావుగంట మాట రాలేదు. "నమిలేది కాదు నాయనా, పులుసులో ముంచి మింగల్ల," అని ఆమె చెప్పేసరికి అతను ఊ కొట్టడానికి కూడా వీల్లేని స్థితిలో ఉన్నాడు. నెల తిరిగేసరికి పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

మూడు నెలలు నిండాయి. తూకం ఎనభై నాలుగు. షుగర్ తొంభై ఎనిమిది. "మాత్రలు అక్కర్లేదు. ఏం చేస్తున్నారో అదే చేయండి," అన్నాడు డాక్టర్. గడియారం చూసి వస్తున్నానని చెప్పలేక అభిజిత్ నవ్వి ఊరుకున్నాడు. రిపోర్టు పట్టుకుని ఇంటికి పరుగున వచ్చాడు.

వసారాలో ఆవులప్ప కాళ్లు చాపుకుని ఉన్నాడు. భాగీరథమ్మ ఆయన మోకాళ్లకు నూనె రాస్తోంది. సంగతి విని ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. కానీ భాగీరథమ్మకు సంతోషం వస్తే దాని వెంటే కోపం కూడా వస్తుంది.

"నీకు తగ్గింది, శానా సంతోషం. ఈయప్ప మోకాళ్ల గతేమి నాయనా?"

"ఆయన మోకాళ్లకేమైందమ్మా?"

"ఏమైందా? మొదటి దినం నువ్వు ముఖం పాలిపోయి వస్తివే, ఆ మర్నాటి నుంచి దినామూ నీ ఎనకాలే గుంజూరు పోయి వస్తా ఉండాడు. నువ్వు సందు తిరగతానే నెత్తిన టవలు కప్పుకోని బయలుదేరేది. నువ్వు ఎనక్కి చూస్తే యాడన్నా చెట్టు చాటున దాక్కునేది. మా అన్న నీకు గడియారం పురాణం చెప్పేది ఎందుకనుకుంటివి? ఈయప్ప వాళ్ల గడ్డివామి ఎనక కూర్చోని ఆయాసం తీర్చుకునేదానికి."

ఆవులప్ప పంచె లాగి మోకాళ్లు కప్పుకున్నాడు.

"జేబులో బెల్లం ముక్క ఒకటి," ఆమె ఇంకా ఆపలేదు. "నువ్వు కళ్లు తిరిగి పడితే నోట్లో పెట్టేదానికంట. చక్కెర జబ్బోడికి బెల్లమా అంటే వినడు. నువ్వు ఒక దినమూ పడకపోతివి. మిగిలిన బెల్లమంతా ఈయనే తినే. ఇప్పుడు ఈయన రక్తం చూపియ్యాల."

అభిజిత్‌కు నవ్వు ఆగలేదు. కన్నతండ్రి తప్ప తనకోసం ఇంత దూరం నడిచేవాడు ఇంకొకడు ఉంటాడని అతను అనుకోలేదు.

"మీరెందుకండీ వెనకాల రావడం? ఈడే అని మీరే కదా చెప్పారు?"

"ఊరికే చెప్తినప్పా," అన్నాడు ఆవులప్ప చిన్న గొంతుతో. "శానా దూరం. నడిమధ్యలో పడిపోతే ఎవురు చూస్తారు?"

భాగీరథమ్మ ఆయనకు గడప దాటకూడదని నెల రోజులు ఆజ్ఞ వేసింది. మర్నాడు పొద్దున అభిజిత్ ఒంటరిగా బయల్దేరాడు. ఇప్పుడు సాకు అక్కర్లేదు, కాళ్లే పొమ్మంటున్నాయి. గుంజూరు చేరి మజ్జిగ గ్లాసు అందుకున్నాడో లేదో, లోపల ఫోన్ మోగింది. పెద్దమునియప్ప విసుగ్గా రిసీవర్ తీశాడు.

"చేరినాడు బావా. మజ్జిగ తాగతా ఉండాడు. ముఖం బాగానే ఉండాది. ఇంక పెట్టెయ్, ఇది నాలుగో ఫోను."