స్విచ్ కట్టేశాక రెచ్చిపోయిన గాలిమర

సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా ఉన్న రోజుల్లో, దేవేంద్ర నగర్‌లో మా డాబా మీద చిన్న గాలిమర కట్టాను. తుక్కులో దొరికిన డీసీ మోటారు, పీవీసీ గొట్టం కోసి చెక్కిన మూడు రెక్కలు, ఒక ఇనప స్తంభం. కరెంటు పోయినా బ్యాటరీ మీద రెండు బల్బులు వెలిగేవి. వచ్చినవాళ్లందరికీ డాబా ఎక్కించి మరీ చూపించేవాణ్ణి. రెక్కలు సన్నగా ఉన్నాయని మా ఆవిడ రెండుసార్లు అంది. నీకేం తెలుసని నోరు మూయించాను.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆవిడ పైన వడియాలు ఎత్తుతుండగా గాలిదుమారం లేచింది. నేను మెట్లగదిలో బ్యాటరీ దగ్గర ఉన్నాను. రెక్కల మోత పెరిగింది. ప్లాంటులో కొత్తవాళ్లకి నేను మొట్టమొదట నేర్పేది ఒకటే. మిషను తేడా చేస్తే ముందు స్విచ్ కట్టెయ్యాలి. మోటారునుంచి బ్యాటరీకి వెళ్లే స్విచ్ కట్టేశాను. ఇక ఆగిపోతుందని ఆవిడకి గట్టిగా చెప్పాను కూడా.

ఆగలేదు. మోత కీచుగా మారింది, స్తంభం ఊగిపోతోంది. ఆవిడ నీళ్ల ట్యాంకు వెనక నక్కింది. నా దగ్గరకి రావాలంటే ఆ రెక్కల కిందనుంచే రావాలి. రెక్క విరిగి మీద పడితే మనిషి మిగలదు. కదలొద్దని అరిచాను.

“మీరు బంద్ చేశాకే అది ఎక్కువైపోయింది,” అంది ట్యాంకు వెనకనుంచి. “మళ్లీ స్విచ్ చాలూ చేసెయ్యండి.”

అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ వెంటనే బుర్రకెక్కింది. ప్లాంటు మిషన్లు కరెంటు తింటాయి, ఆపితే ఆగుతాయి. ఇది కరెంటు పుట్టిస్తుంది. బ్యాటరీ కరెంటు లాక్కునే బరువే ఇంతసేపూ దాన్ని పట్టి ఉంచింది. ఆ పగ్గం నా చేత్తోనే తెంపాను.

ఇక బ్యాటరీ కూడా చాలదనిపించింది. మోటారు తీగలు రెండూ ఊడబీకి, ప్లయర్‌తో ఒకదానికొకటి అదిమాను. నిప్పురవ్వలు లేచాయి. అలా కలిపితే మోటారే బ్రేకు వేస్తుంది. రెక్కలు మూలుగుతూ నెమ్మదించాయి. రమ్మన్నాను. వడియాల గుడ్డ మూట కట్టుకుని, వంగి పరుగెత్తుకొచ్చి నా పక్కన కూలబడింది.

గాలి తగ్గేదాకా ప్లయర్ వదల్లేదు. తర్వాత చూస్తే ఒక రెక్క మొదలు దగ్గర వేలెడు పొడవున చీలి ఉంది.

“సన్నగా ఉన్నాయని మీకు ముందే చెప్పాను కదా,” అంది.

ఆ మాట మూడోసారి వినగలిగినందుకు, ప్లయర్ చేతిలో ఉండగానే ఏడ్చేశాను.