మూత తియ్యని పది నిమిషాలు

ఉదయం ఐదు ముప్పావుకు వంటింట్లో రిపోర్టు చేశాను. లాల్‌దర్వాజాలో మా అద్దె ఇల్లు, కింది వాటా. వంటిల్లు ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. గల్లీ వైపు ఒక్క కిటికీ. బయట సన్నటి చినుకులు. సరంజామా: స్టవ్వు, అల్యూమినియం గిన్నె, మూత, గరిటె, పట్టకారు. వ్యవధి ఆరు వారాలు. ఇరవై ఏళ్ల ఫౌజు సర్వీసులో ఎన్నో పోస్టులు చూశాను. ఇంత ఏమీ తెలియకుండా ఏ పోస్టుకూ వెళ్లలేదు.

కమాండర్ నా భార్య సుజాత. గౌలిపురలో పాలు తీసుకుని వస్తూ తడి గచ్చు మీద జారింది. కుడి మణికట్టు విరిగింది, పిండికట్టు వేశారు. మంచం వంటింటి గుమ్మానికి ఎదురుగా వేయించుకుంది. అక్కడి నుంచి ఆమెకు నేను కనిపిస్తాను, గిన్నెలో ఏముందో కనిపించదు.

మొదటి ఆర్డర్ ఇదీ: "రెండు గిలాసల బియ్యం కడుగు. వేలు పెట్టి చూడు. బియ్యం మీద వేలి మొదటి గీత దాక నీళ్లు. గంతే."

గంతే అన్నది చాలా పెద్ద మాట అని అరగంటలో తెలిసింది. మూత తీస్తే ముద్ద. ఆమె ఎడమచేత్తో చెంచా పట్టుకుని కాసేపు చూసింది. "గిదేంది? అన్నమా, అంబలా?"

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. రెండు చెంచాలు తిని, చాయ్‌లో రస్కులు ముంచుకుంటోంది. కరెంటు కుక్కర్ కొందామన్నాను. "మిషన్‌కు వస్తది గని నీకు రాదా?" అంది. ఆ సాయంత్రమే అసలు మాట చెప్పింది.

"ఆదివారం అక్క కరీంనగర్ నుంచి వస్తది. నేను ఆమెతోటి పోత. కట్టు ఇప్పేదాక ఆడనే ఉంట."

నిజం చెబుతున్నాను, భయపడ్డాను. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. మేమిద్దరం ఒకే ఇంట్లో వరుసగా రెండు నెలలు ఎన్నడూ ఉండలేదు. రిటైరై వచ్చి నలభై రోజులే అయింది. బిడ్డ హాస్టల్లో ఉంటుంది. ఇప్పుడు ఈమె కూడా పోతే, నేను ఇంటికి వచ్చి ఏం లాభం? చేతిలో నాలుగు రోజులున్నాయి.

గురువారం ఆమె ఎడమచేతి వేలు పక్కన నా వేలు పెట్టి చూశాను. ఆమె మొదటి గీత నా గీత కంటే వేలి కొనకు పావు అంగుళం దగ్గరగా ఉంది. అంటే రోజూ పావు అంగుళం నీళ్లు ఎక్కువ పోస్తున్నాను. ఆ కొలత ఆమె వేలిది, నా వేలిది కాదు. బాల్‌పెన్నుతో నా వేలి మీద ఆమె గీత గీసుకున్నాను. ఆమె నవ్వింది, కానీ మాట మార్చుకోలేదు.

శుక్రవారం నీళ్లు సరిగ్గా పోశాను. ఈసారి పైన మెత్తన, అడుగున మాడు. చిన్నప్పటి దోస్తుకు స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. లాడ్ బజార్ వెనక ఉంటాడు, పెళ్లిళ్లలో బిర్యానీ చేసే బావర్చీ.

"పొయ్యి ఎప్పుడు బంద్ చేస్తున్నవ్ భాయ్?"

"గింజ పూర్తిగ ఉడికినంక."

"గదే గల్తీ. గింజను నొక్కి చూడు. నడుమ సూది మొనంత గట్టిగ తగుల్తది. దాన్ని మేం కని అంటం. ఒక్క కని ఉండంగనే ఆగ్ బంద్. తర్వాత ఫికర్ చెయ్యకు."

మంచం మీద నుంచి సుజాత అందుకుంది. "ఉమ్మగిల్లుతది, మూత తియ్యకు అని నేను గా దినం సంది మొత్తుకుంటలేనా? నా మాట ఇంటవా నువ్వు?"

వినకపోవడం కాదు. నమ్మలేకపోవడం. ఒకప్పుడు పదిహేను వేల అడుగుల మీద ఉన్నాం. అక్కడ నీళ్లు తొందరగా మసులుతాయి, కానీ బియ్యం ఉడికేంత వేడి ఉండదు. కుక్కర్ రబ్బరు తెగింది. కొత్తది పైకి రావడానికి పదకొండు రోజులు పట్టింది. పదకొండు రోజులూ పలుకు అన్నం తిన్నాం, కడుపులు పట్టుకుని డ్యూటీ చేశాం. మా లంగర్‌లో, అంటే ఫౌజీ వంటశాలలో, వండేవాడు రోజూ అదే మాట అనేవాడు: "ఇంకో పది నిమిషాలు, సాబ్." అప్పటి నుంచి పలుకు ఉండగా మంట ఆపడం నా వల్ల కాదు.

ఆదివారం. వాన తెరిపిచ్చింది. పదకొండు ఇరవైకి గిన్నె పొయ్యి మీద పెట్టాను. పదకొండు ముప్పై ఎనిమిదికి నీళ్లు ఇగిరి, అన్నం మీద చిన్న చిన్న బొక్కలు పడ్డాయి. ఒక గింజ తీసి నొక్కాను. నడుమ కని ఉంది. మంట ఆపాను, మూత పెట్టాను.

నా చెయ్యి రెండుసార్లు మూత మీదికి పోయింది.

"చెయ్యి తియ్యి," అంది కమాండర్.

బయటికి వెళ్లి గల్లీలో నిలబడ్డాను. పదకొండు నలభై ఎనిమిదికి లోపలికి వచ్చి మూత తీశాను. గింజ గింజ విడివిడిగా ఉంది. ఒకటి నోట్లో వేసుకుని వెతికాను. కని లేదు. మంట లేకుండా అది ఎలా కరిగిందో నాకు ఇప్పటికీ వింతే.

పళ్లెంలో పెట్టి ఇచ్చాను, పప్పు వేయబోయాను. వద్దని తల ఊపింది. ఉత్త అన్నమే తినడం మొదలుపెట్టింది. పన్నెండుకు వాళ్ల అక్క గుమ్మంలోకి వచ్చింది. "తయారైనవానే? ఆటో ఆపిన."

"ఆటోను పంపియ్యే అక్కా. తినేటప్పుడు తొందర చేస్తవేంది? కూసో, నువ్వు గూడ తిను." తర్వాత నా వైపు చూడకుండానే అంది: "పెండ్లయిన కాడికెళ్లి నా ఇంట్ల ఇంకొకలు వండి పెట్టింది వేడిగ తినుడు గిదే మొదలు."

అక్క రెండుసార్లు వడ్డించుకుంది. సాయంత్రం బస్సుకు ఒక్కతే వెళ్లింది.

ఆరో వారం చివర కట్టు కోసేశారు. వంటిల్లు మళ్లీ ఆమె చేతికి వచ్చింది, నన్ను రిలీవ్ చేసింది. వారానికి రెండు రోజులు మాత్రం నేనే కావాలని డ్యూటీ వేసుకుంటాను.

ఎన్నో చూశాను, చాలావరకు మర్చిపోయాను. ఆ ఆదివారం పళ్లెం మీదికి వంగినప్పుడు ఆవిరికి ఆమె కళ్లద్దాలు పూర్తిగా మసకబారాయి. చెంచా కింద పెట్టి తుడుచుకోవచ్చు. పెట్టలేదు. ఏమీ కనిపించకపోయినా తింటూ పోయింది.