మాచిపత్రి నా వాటాకొచ్చిన వైనం

1999 ఆగస్టు 22, ఆదివారం. పొద్దుటి నుంచీ ముసురు. గోదావరీ ఆకాశమూ ఒకే బురదరంగులో ఉన్నాయి. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది.

అమ్మ సంవత్సరీకాలు అయ్యాక, ఆవిడ సామాను పంచుకోవడానికి అన్నయ్యా, నేనూ, చెల్లెలు రత్నమూ కొవ్వూరులో కూర్చున్నాం. నాకు మంచాలూ బిందెలూ అక్కర్లేదు. పెరట్లో అమ్మ పెంచిన మాచిపత్రి కుండీ కావాలి. వినాయకుడి పత్రిలో మొదటిది అదే కదా. అమ్మయితే ఏడాది పొడుగునా వాడేది. తలనూనెలో వేసి కాచేది, బట్టల పెట్టెలో రెబ్బలు పెట్టేది. ఆవిడ కొంగు ఎప్పుడూ ఆ వాసనే. ఇప్పటి నూనెల్లో సీసా మీద పువ్వు బొమ్మ తప్ప లోపల ఏముంది? సరే, అది వేరే గొడవ.

"కొమ్మ గుచ్చితే బతికే మొక్కరా. తలో కొమ్మా తీసుకుందాం," అన్నాడు అన్నయ్య.

"కుదరదు. కుండీ మొత్తం నాదే. పందిరి మంచం నువ్వే ఉంచుకో."

"టేకు మంచంరా."

"ఉంచుకోమన్నానా?"

పెరట్లో కుండీలు రెండు. ఒకటి మాచిపత్రి, ఒకటి చామంతి. పూత లేని కాలంలో రెండింటి ఆకులూ ఒక్కలాగే ఉంటాయి. నేను దర్జాగా వెళ్లి గుబురుగా ఉన్నదాన్ని ఎత్తాను.

"చిన్నన్నయ్యా, ఒకసారి నలిపి వాసన చూడు," అంది రత్నం.

"బి.ఎస్సీ. బోటనీ చదివినవాడికి నువ్వా చెప్పేది?"

నలిపాను కూడా. కానీ ఏళ్ల తరబడి ముక్కుపొడుం పీల్చిన ముక్కు నాది, పక్కింట్లో పులుసు మాడినా తెలియదు. అది ఒప్పుకోవడం ఇష్టం లేక ఆకు నమిలాను. చేదు. ఇంకేం కావాలి? చామంతి ఆకూ చేదేనని కాలేజీలో ఎవడూ నమిలించి చెప్పలేదు.

మిగిలిన కుండీని రత్నం కిక్కురుమనకుండా జంగారెడ్డిగూడెం పట్టుకుపోయింది.

రాజమండ్రి బస్సులో కండక్టరు లగేజీ టికెట్టు తీయమన్నాడు.

"మొక్కయ్యా, ట్రంకుపెట్టె కాదు."

"సీటు మీద కూర్చుంటే మొక్కయినా టికెట్టేనండి."

వంతెన దాటేదాకా దెబ్బలాడి, కుండీని ఒళ్లో పెట్టుకున్నాను. పంచె నిండా బురద.

చవితి నాడు పక్కింటి కోడలు వచ్చింది. "బాబాయ్ గారూ, రెండు రెబ్బలిస్తారాండి?" మా అమ్మ మొక్క విలువ ఆ అమ్మాయికి అరగంట బోధించి, ఒక్కటే ఇచ్చాను.

"ఏవండీ, దీనికి ఆ వాసనే లేదు," అంది మా ఆవిడ.

"నీకు జలుబు చేసింది."

"నాకా?"

చలి మొదలయ్యాక మొగ్గలు వచ్చాయి. మాచిపత్రి కూడా పూస్తుందిలే అని ఇంట్లోవాళ్లని గదమాయించాను. పది రోజులు తిరిగేసరికి రూపాయి బిళ్లంతేసి పసుపు చామంతులు, కుండీ నిండా. ఆ సాయంత్రమే రత్నం ఫోను.

"చిన్నన్నయ్యా, నా చామంతి ఇంకా పూయలేదు. నీ మాచిపత్రి పూసిందా?"

"నీకు ఆ రోజే తెలుసన్నమాట."

"వాసన చూడమన్నానుగా."

"గట్టిగా చెప్పొచ్చుగా?"

"నీకు గట్టిగా చెప్పి బతికి బట్టకట్టినవాళ్లెవరు?"

పళ్లు కొరుక్కుని, "సరే, ఒక కొమ్మ పంపు," అన్నాను.

"మళ్లీనా? చవితి వెళ్లగానే వదినకి పంపానుగా."

ఫోను పెట్టేసి మా ఆవిడ వైపు తిరిగాను.

"డాబా మీద, ట్యాంకు వెనకాల ఉందండి," అంది తాపీగా. "మీతో చెబితే అదీ మీదే అంటారని చెప్పలేదు. నూనె కూడా కాచుకున్నాను. రోజూ రాసుకుంటున్నాను."

రోజూ ఆవిడ పక్కనే కూర్చుని పొడుం పీలుస్తున్నాను. అమ్మ వాసన ఇంట్లో తిరుగుతోంది, నాకు తప్ప అందరికీ తెలుస్తోంది.

ఇదండీ పంపకం. అన్నయ్యకి టేకు మంచం. రత్నానికి అమ్మ మాచిపత్రి. మా ఆవిడకి దాని కొమ్మా, ఆ నూనే. నాకు ఏమీ రాలేదు. చామంతులైనా ఉన్నాయి కదా అంటారేమో, అవీ పొద్దున్నే మా ఆవిడ జడలోకి పోతున్నాయి.